మన గోడకు బోర్డు పెట్టారు

మ్యూజియం,
మన పాత ఇల్లు, నీ వంటగది గుమ్మం,
సోమవారం

చెల్లీ,

ఉత్తరం బడి అడ్రసుకు వచ్చిందని కంగారుపడకు. అందరం క్షేమమే. ఇంటికి రాస్తే మా మరిది చేతిలో పడుతుంది. ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ బావగారి కుట్టుమిషను మీదే కాపురం ఉంటుంది. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే పోయారు, తోడికోడళ్ళం మనం కూడా మాట్లాడుకోకూడదని పంతం పట్టిన మనుషులతో ఇంతకంటే దారి లేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. ఎక్కడో చెబితే నవ్వుతావు. మన ఇంట్లోనే.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మన ఇంటిని మ్యూజియానికి ఇస్తున్నామని సంతకాలు పెట్టాం కదా, వాళ్ళు రాళ్ళకీ దూలాలకీ తలుపులకీ సుద్దతో అంకెలు వేసి విప్పుకుపోతే మనం చెరో ఊరు చేరాం కదా, అదంతా తెచ్చి ఇక్కడ ఒక పెద్ద మైదానంలో మళ్ళీ పేర్చారు. ఇలా నలుమూలల నుంచీ తెచ్చిన ఇళ్ళు పద్నాలుగున్నాయి. కొండ మీదివాళ్ళ గుండ్రటి ఇల్లు, జాలరుల గుంజల ఇల్లు, ఇంకా ఏవేవో. ఇంటికో మనిషిని పెట్టారు. ఊడ్చి, అలికి, చూడవచ్చినవాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఊరికే ఊడ్చిన ఇంటినే ఇప్పుడు జీతానికి ఊడుస్తున్నాను. ఒకటే బాధ. సాయంత్రం అయిదు కాగానే వాచ్‌మన్ వచ్చి "ఇంక బయటికి నడవండమ్మా" అని నా ఇంట్లోంచి నన్నే వెళ్ళగొడతాడు.

అసలు సంగతి ఇది కాదు. వాళ్ళు గోడను కూడా తెచ్చారే!

ఆ గోడే. కిటికీ మూసి ఉంచాలని మీ బావగారు, తెరిచి ఉంచాలని మా మరిది కొట్లాడుకుని, పదకొండేళ్ళ కిందట మీ బావగారు ఇంటి నడిమధ్యన తన చేత్తో కట్టిన గోడే. దర్జీ గోడ కడితే ఎలా ఉంటుంది? ధాన్యం కాగు కదలనందుకు దాని చుట్టూ మీ వైపుకు వంపు తిప్పి, పైకి వెళ్ళేకొద్దీ చంకలో బిగుతైన చొక్కాలా లాక్కుపోయి, కిటికీని సరిగ్గా రెండు ముక్కలు చేసింది కదా. మా సగానికి మేకులు, మీ సగానికి రెక్కే లేదు. అదంతా ఒక్క ఇటుక తేడా లేకుండా నిలబెట్టారు. మన కన్నం కూడా ఉంది.

ఇక్కడ పరిశోధన చేసే అబ్బాయి ఒకడున్నాడు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకొకటి. అందరం కళ్ళజోళ్ళ బాబు అంటాం. చాలా మంచివాడు, అదే వచ్చిన చిక్కు. ఏది చెప్పినా నమ్ముతాడు. నిన్న గోడ ముందు అరగంట నిలబడి, "అమ్మా, ఈ గోడ వెనక ఉన్న ఆలోచన ఏమిటి?" అన్నాడు.

'ఆలోచన లేకపోవడమే నాయనా' అని నోటిదాకా వచ్చింది. ఇంటిగుట్టు కదా, మింగేశాను. "పూర్వం నుంచీ వస్తోంది బాబూ" అన్నాను. పదకొండేళ్ళంటే పూర్వమే కదా! రాసుకున్నాడు. తరవాత కన్నంలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేమిటమ్మా, ఇంత అందంగా చెక్క చట్రం బిగించారు? దీని గురించి మీ మగవాళ్ళు ఏమంటారు?" అన్నాడు. "మగవాళ్ళకి తెలీదు బాబూ" అన్నాను. అది మాత్రం నిజమే. దాని కింద రెండు గీతలు గీసుకున్నాడు.

అతను అటు వెళ్ళగానే పక్కన గుండ్రటింట్లో కూర్చునే అవ్వ నవ్వింది. కొండ మీదివాళ్ళ పెద్దావిడ. నాలుగేళ్ళుగా ఇక్కడే పనిచేస్తోంది. "కొత్తదానివి, బెదిరిపోకు. మా ఇంటి గుమ్మం ఎందుకింత పొట్టి అని అడిగారు. చెక్క అంతే దొరికింది అన్నా. రాసుకోలేదు. తల వంచి లోపలికి రావాలని మా పెద్దలు అలా పెట్టారన్నా. పేజీ నిండా రాసుకున్నారు" అంది.

ఇంకో సంగతి. మీ బావగారు తిండి తినడం లేదు. "నీ చెయ్యి పాడైందే. ఆ వంకాయ కూర ఏమైపోయింది?" అని రోజూ సతాయింపు. నీ వంకాయ కూరలో ఏం వేస్తావో వెంటనే రాసి పంపు.

అక్క

&nbsp;

బడి,
గంట కింద బల్ల,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ గంట కొట్టడం మరిచిపోయాను. లెక్కల మాస్టారు పావుగంట ఎక్కువ పాఠం చెప్పేశారు. పిల్లలు బయటికొచ్చి నన్ను చూసిన చూపుకు నేను భస్మమైపోవాల్సింది, కాస్త మందంగా ఉన్నాను కాబట్టి బతికాను.

గోడ తెచ్చారా! నేను కూలిపోయి మట్టిలో కలిసిందనుకుని ఎంత సంబరపడ్డాను! కన్నం ఉందంటే మాత్రం మనసు అదోలా అయింది. గోడ లేచిన మూడో రోజున నీకు అగ్గిపెట్టె కావాల్సి వచ్చింది, గుర్తుందా? నువ్వు అటు నుంచి గరిటె కాడతో, నేను ఇటు నుంచి కూరగాయల కత్తితో గోకితే, బావగారు సున్నం పిసినారితనంగా కలిపిన పుణ్యమా అని రెండు ఇటుకలు చేతిలోకి ఊడి వచ్చాయి. అటు నీ చేట, ఇటు నా చేట తగిలించి మూసేశాం. అగ్గిపెట్టెతో మొదలై గిన్నెల దాకా వెళ్ళింది. నా వంకాయ కూర అటు, నీ తోటకూర ఇటు. పదకొండేళ్ళు.

ఆగు, గంట కొట్టి వస్తాను.

కొట్టాను. ఏం చెబుతున్నాను? ఆ, బావగారు. అరుగు మీద కూర్చుని నా గిన్నెలోని కూర తింటూ, "మా ఆవిడ వంకాయ కూర ముందు ఎవరిదైనా దిగదుడుపే. పక్కవాళ్ళ వంట వాసనకే కడుపులో తిప్పుతుంది" అని నాకు వినపడేలా అనేవారు. ఇటు మీ మరిది నీ తోటకూర జుర్రుకుంటూ మెటికలు విరిచేవాడు. మనం కన్నం దగ్గర చెరొక వైపు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు నాకూ అదే తిప్పలు. "తోటకూర ఇలా ఉండేది కాదే" అని మీ మరిది కంచంలో వేళ్ళతో గీతలు గీస్తున్నాడు. నువ్వు ముందు నీ తోటకూర సంగతి రాయి.

వంకాయకేముంది అక్కా. అందరూ వేసేవే వేస్తాను. చూసుకుని వెయ్యడమే. మళ్ళీ గంటకు వేళయింది. ఉంటాను.

చెల్లి

&nbsp;

మ్యూజియం,
మన ఇల్లు, మా వైపు,
నెల తరవాత, మంగళవారం

చెల్లీ,

కొంప మునిగింది. మన గోడకు బోర్డు పెట్టారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, చదువుకో.

"ద్వికుటుంబ గృహం. నడుమ గల సర్పాకార కుడ్యం సృష్టిలోని ద్వంద్వాలకు ప్రతీక. సగం మూసి, సగం తెరచిన వాతాయనం సుఖదుఃఖాల పట్ల సమభావనను తెలుపుతుంది. కుడ్యరంధ్రం స్త్రీలు మాత్రమే ఎరిగిన ప్రాచీన రహస్య ఆచారానికి చెందినది. గోడను తాకరాదు."

'సర్పాకార కుడ్యం' అంటే ఏమిటని కళ్ళజోళ్ళ బాబునే అడిగాను. "పాములా వంపులు తిరిగిన గోడ అమ్మా. అలా కట్టాలంటే ఎంతో నేర్పు ఉండాలి" అన్నాడు. మీ బావగారు దాన్ని కడుతూ మధ్యలో మూడుసార్లు కూర్చుని ఏడ్చిన సంగతి ఎలా చెప్పను?

బోర్డు పెట్టిన దగ్గర్నుంచీ జనం ఎక్కువయ్యారు. కన్నంలో చెయ్యి పెట్టి ఏదైనా కోరుకుంటే జరుగుతుందని ఎవరు పుట్టించారో పుట్టించారు. నేను కాదు. అవ్వ మీద నాకు అనుమానం. మొన్న ఒక లావుపాటి పెద్దమనిషి ప్రమోషను కోరుకుంటూ మోచేతి దాకా దూర్చాడు. చెయ్యి ఇరుక్కుంది. లాగితే రాదు. అటు వైపు చెయ్యి ఒక్కటే గోడలోంచి బయటికొచ్చి వేళ్ళు ఆడిస్తుంటే, అప్పుడే నీ గదిలోకి వచ్చిన బడిపిల్లలు కెవ్వుమని అరిచి పరుగు లంకించుకున్నారు. ఒక పిల్ల మాత్రం ధైర్యంగా వెళ్ళి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. చివరికి వాచ్‌మన్ సైకిలు గొలుసుకు వేసే నూనె పోసి లాగాడు. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, "కోరిక సగంలో ఆగిపోయింది. మళ్ళీ పెట్టొచ్చా?" అన్నాడు.

నవ్వకు. ఇంకా ఉంది. వచ్చే నెల మన ఇంటికి ప్రారంభోత్సవమట. ఇల్లిచ్చిన దాతలని అన్నదమ్ములిద్దరికీ సన్మానమట. డైరెక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ రోజు మీరు అందరి ముందూ ఆ రహస్య ఆచారం చేసి చూపించాలి" అంది. ఏం చూపించను, అగ్గిపెట్టె అందించనా?

మీ బావగారికి పిలుపు అందింది. "తమ్ముడు వస్తే నేను రాను" అన్నారు. రాడని అబద్ధం చెప్పాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

నువ్వు రాసినట్టు అందరూ వేసేవే వేసి వంకాయ చేశాను. "ఇది వంకాయా, వంకరకాయా?" అన్నారు. తోటకూర ఎలా చెయ్యాలో వెనక పేజీలో గింజ కూడా వదలకుండా రాశాను. నువ్వు కూడా సరిగ్గా రాయి.

అక్క

&nbsp;

బడి,
సామాన్ల గది,
శుక్రవారం

అక్కా,

ఇక్కడ పరీక్షలు మొదలయ్యాయి. ఊపిరాడడం లేదు. గంట ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే హెడ్‌మాస్టరు గుండె పట్టుకుంటున్నారు. అందుకని నాలుగు ముక్కలే.

తోటకూర నువ్వు రాసినట్టే చేశాను. మీ మరిది మారు వడ్డించుకున్నాడు. వేళ్ళు కూడా నాకాడు.

వంకాయకు: అర కిలో వంకాయలు. ఉప్పు. కారం. పాలు ఒక గ్లాసు. బెల్లం పెద్ద ముక్క. మెత్తగా ఉడకాలి.

సన్మానం ఉత్తరం మీ మరిదికీ వచ్చింది. "సంప్రదాయ పరిరక్షకులైన తమరికి" అని ఉంది. రెండుసార్లు పైకి చదువుకున్నాడు. వెళ్తాడో లేదో తెలియదు.

చెల్లి

&nbsp;

మ్యూజియం,
బుధవారం

సౌభాగ్యవతి అయిన చెల్లికి శుభాశీస్సులు.

మేము క్షేమము. మీరు క్షేమమని తలుస్తాను.

నీవు పంపిన విధానము ప్రకారము పాలు, బెల్లము వేసి వంకాయ కూర చేసితిని. మీ బావగారు ఒక ముద్ద నోట పెట్టుకుని, నా వైపు చూసి, "నా మీద ఇంత కక్ష ఎప్పటి నుంచీ?" అనిరి. మిగిలినది వీధికుక్కకు పెట్టితిని. అది వాసన చూసి నా వంక జాలిగా చూసినది.

ఇంక ఇలా రాయలేను, కోపమొస్తోంది. ఏమే, పదకొండేళ్ళు నేను నీకు ఉప్పు దాచానా, పప్పు దాచానా? నీకు జ్వరమొస్తే ఆ కన్నంలోంచి చెయ్యి పెట్టి నీ నుదురు తడిమినదాన్ని. నువ్వేమో వంకాయ కూర సంగతి చెప్పడానికి నాకు పాలూ బెల్లం అంటావా? నేను నేర్చుకుంటే నీ గొప్పేం తరుగుతుంది? మీ బావగారు బెల్టుకు కొత్త కన్నం పొడుచుకున్నారు, అంత చిక్కిపోయారు. మనిషి ఆకలి మీద ఇన్ని నాటకాలా?

ఇంక ఉత్తరాలు రాయను. నువ్వు రాసినా విప్పను. విప్పినా చదవను.

మీ తోడికోడలు

&nbsp;

బడి,
గంట కింద,
సోమవారం

అక్కా, అక్కా, అక్కా,

విప్పావు కదా. చదువు.

తప్పయిపోయింది. నేను నీకు వంకాయ కూర ఎందుకు చెప్పలేదంటే, అది నాకు రాదు. ఎప్పుడూ రాలేదు. ఆ పాలూ బెల్లం ఏదో ఒకటి రాయాలని నోటికొచ్చింది రాశాను. నిజంగా వండుతావనుకోలేదు.

ఆ కూర వండింది మీ మరిది.

అవును. ఆయన చిన్నప్పుడు పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గర వడ్రంగి పనితో పాటు వంట కూడా చేసేవాడట. గోడ లేచిన రెండో నెలలో ఒక రోజు పని లేక పెందలాడే ఇంటికొచ్చాడు. నేను కన్నంలోంచి నీకు గిన్నె అందిస్తున్నాను. చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళు కడుక్కుని వచ్చి, "ఏం కూర పంపావ్?" అన్నాడు. "వంకాయ" అన్నాను. గిన్నెలో మిగిలింది రుచి చూసి మొహం చిట్లించి, "ఇది తింటే అన్నయ్యకి అరగదు. జరుగు" అని తనే పొయ్యి ముందు కూర్చున్నాడు.

అప్పటి నుంచీ వారానికి మూడు రోజులు. ఆ మర్నాడే కొలతలు తీసుకుని కన్నం అంచులు చెక్కి, గిన్నె ఒరుసుకోకుండా పట్టేలా చట్రం బిగించాడు. నేనే బిగించుకున్నానని నీతో చెప్పాను, నువ్వు నమ్మావు. నాకు మేకు కొట్టడం వచ్చా అక్కా? వేలు కొట్టుకోవడం వచ్చు.

నీకు చెబితే చస్తానని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "వండింది నేనని తెలిస్తే గొంతులో దిగదు అన్నయ్యకి. తెలీకుండా తిననీ" అన్నాడు. అరుగు మీద బావగారు పొగిడి పక్కవాళ్ళను తిట్టినప్పుడల్లా ఇటు మెటికలు విరుస్తూ లోపల్లోపల పొంగిపోయేవాడు. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా పొయ్యి ముందు కూర్చోలేదు. ఎవరికి వండాలి అంటాడు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఒకేసారి తిట్టుకో. నీ ఉత్తరాలన్నీ ఆయన చదివాడు. మొదటిది నా సంచీలో దొరికింది. లావుపాటి పెద్దమనిషి చెయ్యి ఇరుక్కున్న దగ్గర రంపం పక్కన పెట్టేసి నవ్వాడు. మొన్నటి ఉత్తరం చదివి మాత్రం నవ్వలేదు. బెల్టు సంగతి రెండుసార్లు అడిగాడు. "ఎన్ని కన్నాలు లోపలికి పోయిందట?" అని.

ప్రారంభోత్సవానికి వస్తున్నాడు. నాకు పరీక్షల వల్ల సెలవు లేదు. ఏం జరిగినా ఒక్క ముక్క వదలకుండా రాయి.

నీ చెల్లి

&nbsp;

మ్యూజియం,
గుండ్రటింటి అరుగు,
ఆదివారం, జనం వెళ్ళాక

చెల్లీ,

నిన్ను తిట్టుకోవడానికి తీరిక లేకపోయింది. నీ ఉత్తరం ప్రారంభోత్సవం నాటి పొద్దున్నే అందింది. ఆ గురువారం నాటి సంగతి వరసగా చెబుతాను.

మీ బావగారు కొత్త చొక్కా కుట్టుకుని వచ్చారు. అవ్వతో కాసేపు మాట్లాడించి, మా వైపు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మా మరిది ఆలస్యంగా, చేతిలో ఒక సంచీతో వచ్చాడు. అతన్ని వాచ్‌మన్ నేరుగా మీ వైపు గదిలోకి తీసుకుపోయాడు. మధ్యలో గోడ. ఒకరున్నట్టు ఒకరికి తెలియదు. జనం రెండు గదుల్లోనూ కిక్కిరిసి ఉన్నారు. కళ్ళజోళ్ళ బాబు అందరికీ వినపడాలని వాకిట్లో మైకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గోడ వయసు సుమారు రెండు వందల ఏళ్ళు" అన్నాడు.

మీ బావగారు కుర్చీలో కదిలారు. నేను కాలు తొక్కాను. లాభం లేకపోయింది.

"రెండొందలేళ్ళేంటయ్యా? నేను కట్టాను!"

జనం నవ్వారు. బాబు చిరునవ్వుతో, "మన దాతగారు చమత్కారులు. ఈ వంపు చూడండి, సూర్యుడి గమనాన్ని లెక్కగట్టి..." అన్నాడు.

గోడ అవతలి నుంచి మా మరిది గొంతు. "వంపు కాదది. వంకర."

పదకొండేళ్ళ తరవాత మొదటి మాట చెల్లీ! మీ బావగారు దిగ్గున లేచారు.

"ఎవడ్రా వంకరన్నది?"

"వంకరని వంకరనక ఏమంటారు? జానెడు నా వైపుకొచ్చింది. కొలుచుకున్నా."

"కాగు అడ్డమొస్తే నేనేం చెయ్యను? నెత్తిన పెట్టుకోనా?"

"కాగు జరపమని నన్నడిగితే నేనో చెయ్యి వెయ్యనా?"

"నీతో మాట్లాడనని కదా గోడ కడుతున్నా! కడుతూ కడుతూ నిన్నెలా అడుగుతాన్రా?"

జనం చప్పట్లే చప్పట్లు. డైరెక్టరమ్మ నా చెవిలో, "ఎంత సహజంగా చేస్తున్నారు! ఎన్ని రోజులు సాధన చేశారు?" అంది. "పదకొండేళ్ళు" అన్నాను.

అప్పుడు మీ బావగారి చూపు కన్నం మీద పడింది. "ఇదేంటి? నేను కట్టినప్పుడు ఈ కన్నం లేదే!" అన్నారు. ఆయన నా వంక తిరిగేలోపే కన్నంలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో గిన్నె. మూత తీసి ఉంది. ఇల్లంతా ఆ వాసన.

మీ బావగారు ఎవరినీ చూడలేదు. గిన్నె అందుకున్నారు. వేళ్ళతో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచి ఏమన్నారో తెలుసా?

"ఇది మా ఆవిడ కూర. నీ చేతికెలా వచ్చింది? దొంగిలించావా?"

"మీ ఆవిడది కాదు."

"నా పెళ్ళాం వంట నాకు తెలీదా? పదకొండేళ్ళు తిన్నాను!"

"పదకొండేళ్ళు నువ్వు తిన్నది నేను వండిందే అన్నయ్యా."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నా వంక చూశారు. నేను నేల చూశాను. ఆయన ఆ ముద్ద మింగి, గోడకు వీపు ఆనించి కింద కూర్చుండిపోయారు. గిన్నె మాత్రం వదల్లేదు. మొత్తం తిన్నారు. తింటుంటే కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కారం వల్లనని అందరికీ చెప్పారు.

గిన్నె ఖాళీ అయ్యాక లేచి, ముందు నన్ను తిట్టారు. తరవాత గోడ చుట్టూ తిరిగి అటు వెళ్ళి మా మరిదిని తిట్టారు. అక్కడ లేవు కాబట్టి నిన్ను ఊరికే తిట్టారు. "ముగ్గురూ కలిసి నన్ను వెధవను చేశారు!" అని చొక్కా గుండీలు తప్పు పెట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. మా మరిది "అన్నయ్యా, ఆగు" అంటూ వెనకే పరిగెత్తాడు. ఆ పరుగు చూసి జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

ఇక్కడ మిగిలింది నేను, కళ్ళజోళ్ళ బాబు. పాపం, మెట్టు మీద కూలబడ్డాడు. అంతా చెప్పేశాను. అగ్గిపెట్టె దగ్గర్నుంచీ. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. అవ్వ వచ్చి అతని తల నిమిరి, "పోనీలే నాయనా. అన్నట్టు, మా గుమ్మం గురించి రాసింది కూడా ఒకసారి చూసుకో" అంది. ఆ అబ్బాయి పైకి చూసిన చూపు! రెండు కళ్ళజోళ్ళూ ఒకేసారి జారాయి.

డైరెక్టరమ్మ నన్నేమీ అనలేదు. ఆ బోర్డు తీసేయించింది. కొత్త బోర్డులో ఏం రాయాలో ముందు మన ఇద్దరినీ అడిగి రాయమని బాబుకు గట్టిగా చెప్పింది. ఇప్పుడతను అవ్వ ముందు కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ అడుగుతున్నాడు. అవ్వ ఈసారి నిజాలే చెబుతోంది. నిజాలు ఇంకా నవ్వొచ్చేలా ఉన్నాయట.

మీ బావగారు మాత్రం ఇంటికి రాలేదు. మూడు రోజులైంది. నేను ఇక్కడున్నప్పుడు వచ్చి పట్టుకుపోయినట్టున్నారు, కుట్టుమిషను కూడా లేదు. నాకు భయంగా ఉంది చెల్లీ. అలిగి ఎక్కడికి వెళ్ళి ఉంటారు? ఆయనకు మనం తప్ప ఎవరున్నారు?

అక్క

&nbsp;

మా ఇల్లు,
వంటగది గుమ్మం బయట (లోపలికి రానివ్వడం లేదు),
మంగళవారం

అక్కా,

భయపడకు. నీ మొగుడు మా ఇంట్లో ఉన్నాడు.

"మీ అక్క మీద అలిగి వచ్చాను. నా అంతట నేనైతే ఈ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు" అని గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పి మరీ లోపలికొచ్చారు. వెనకాల మీ మరిది మిషను నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. నా మీద కూడా అలకేనట. అందుకని నాతో నేరుగా మాట్లాడరు. "నీళ్ళు కావాలని మీ ఆవిడతో చెప్పరా" అంటారు. మీ మరిది నా పక్కనే నిలబడి, "అన్నయ్యకి నీళ్ళు కావాలట" అంటాడు. నేను వినలేదనుకుంటారు కాబోలు.

ఈ అయిదు రోజుల్లో వీళ్ళు మాట్లాడుకున్న మాటలు పదకొండేళ్ళవీ వడ్డీతో సహా అయిపోయాయి. మీ మరిది వంకాయ కోస్తుంటే బావగారు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "అడ్డంగా కొయ్యరా, నిలువుగా ఏంటి?" అంటారు. "వండేది నేనా నువ్వా?" అంటాడు ఈయన. రేపో మాపో ఇంకో గోడ లేస్తుందని నేను గుండె చేతపట్టుకుని చూస్తుంటే, ఇద్దరూ ఒక్కసారిగా పగలబడి నవ్వుతారు. నిన్న నేను కల్పించుకుని, "ఉల్లిపాయ ఇంకాస్త వేగాలేమో" అన్నాను. ఇద్దరూ ఒకేసారి తిరిగి నా వంక చూశారు. అన్నదమ్ములు ఒకటయ్యారు అక్కా, నన్ను వంటగదిలోంచి గెంటెయ్యడానికి.

నువ్వు వచ్చి క్షమించమని అడిగితే గానీ కదలరట. రాకు. అడగకు. ఆయన మొహం చూస్తే నువ్వు త్వరగా అడుగుతావేమోనని భయపడుతున్నట్టే ఉంది.

నాకు ఈ రోజు నుంచీ సెలవులు. వీళ్ళిద్దరినీ వీళ్ళ పొయ్యికి వదిలేసి మధ్యాహ్నం బస్సుకు నీ దగ్గరికి వస్తున్నాను. వెళ్తున్నానని చెప్పాను. "ఊఁ" అన్నారు, తలెత్తకుండా. నేను వెళ్ళిన సంగతి కూర దింపాక గానీ వాళ్ళ బుర్రకెక్కదు.

గోడ లేకుండా నీ ఎదురుగా కూర్చుని మాట్లాడి ఎన్నేళ్ళయిందో లెక్కేసుకుంటే నాకే సిగ్గేస్తోంది. ఒక చాప, ఒక దిండు ఎక్కువ పడెయ్యి. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే బస్సు దగ్గరికి ఎదురు రా. నేనే ముందొస్తే, ఇద్దరం కలిసి చదువుకుందాం.

చెల్లి